తిన్నావా అని అడిగిన పెట్టె

దెయ్యాలున్నాయా అని వీధిలో పిల్లలు అడిగితే నేను కసురుకుంటాను. మాది ప్రార్థన చేసుకునే ఇల్లు. పోయినవాళ్ళు ప్రభువు దగ్గర ఉంటారు, మన గదుల్లో తిరుగుతూ కూర్చోరు అని చిన్నప్పుడు చర్చి బడిలో చెప్పారు. ఆ బడిలో నేను చదివింది మూడు తరగతులే. అక్కడ నేర్చుకున్నదాన్ని మాత్రం యాభై ఏళ్ళు వదలకుండా పట్టుకున్నాను. ఒక్క వేసవిలో ఆ పట్టు సడలింది. అందులో తప్పు నాది. కాబట్టి రాయాల్సింది కూడా నేనే.

మా అల్లుడు చిలకలూరిపేటలో నూలు మిల్లు ఆఫీసులో పనిచేసేవాడు. మిల్లు వాళ్ళు కొత్త కంప్యూటర్లు తెచ్చుకుని పాతదాన్ని తీసేస్తుంటే ఇంటికి పట్టుకొచ్చుకున్నాడు. ఎనభైలు ఆఖరుకొచ్చిన రోజులు. ఆ వీధిలో టీవీ ఉన్న ఇళ్ళే వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. ఇక కంప్యూటరంటే అందరూ వచ్చి చూసిపోయేవారు. నేను మాత్రం చాలాకాలం దాన్ని టీవీ అనే అనుకున్నాను. ఎప్పుడు వెళ్ళినా దాని మీద దుప్పటి ముక్క కప్పి ఉండేది.

మా అమ్మాయి ఆడపిల్లల హైస్కూల్లో లెక్కల టీచరు. పేపర్లు దిద్దడం మొదలుపెడితే తిండి గుర్తుండని మనిషి. పెళ్ళికి ముందు నేను కంచం తీసుకెళ్ళి ముందు పెట్టి, చివరి ముద్ద తినేదాకా తలదగ్గర నిలబడేదాన్ని. పెళ్ళయ్యాక ఆ పని అల్లుడి మీద పడింది. అతనేమో తెల్లారగానే మిల్లుకి వెళ్ళాలి. అందుకని ఆ కంప్యూటరుకి ఒక మాట నేర్పాడు. మీట వెయ్యగానే అది గురగురమని లేచి, ఒక్క కూత కూసి, నల్లటి అద్దం మీద ఆకుపచ్చ అక్షరాలతో అడిగేది: తిన్నావా? మాట తెలుగుదే, అక్షరాలు ఇంగ్లీషువి. తిన్నానంటే అవునుకి ఎ అనే అక్షరం నొక్కాలి. తినకపోతే లేదుకి ఎల్ నొక్కాలి. జవాబు చెప్పందే అది ముందుకు కదలదు.

మా అమ్మాయి తిన్నా తినకపోయినా ఎ నొక్కి పని చూసుకునేదట. ఎల్ నొక్కితే పెట్టె ఏమంటుందో మా అమ్మాయికే తెలియదు. ఒక్కసారి కూడా నొక్కలేదు.

అల్లుడు కనిపించినప్పుడల్లా నన్ను అడిగేవాడు. "అత్తయ్యా, వచ్చి నాలుగు నెలలుండండి. మీ అమ్మాయి నా మాట వినదు." అల్లుడి ఇంట్లో అత్త రోజుల తరబడి కూర్చుని తినడం మా ఇళ్ళల్లో లేదు. అద్దంకి దగ్గర మా ఊరి నుంచి పొద్దున బస్సుకొచ్చి, మంచినీళ్ళు తాగి, సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయేదాన్ని. చివరికి ఆ ఏడాది మనసు మార్చుకుని, క్రిస్మస్ వెళ్ళాక వస్తానని కబురు చేశాను. ఈలోగా మిరపకాయ పండింది. కూలీలను చేలో వదిలి ఎలా వస్తాను, కోతలయ్యాక చూద్దాం అనుకున్నాను. కోతలు అవనే లేదు, అతనికి కామెర్లొచ్చాయి. మూడు వారాలు పడుకున్నాడు. పనుల్లో ఉన్నారు, అత్తయ్యకి చెప్పొద్దు అన్నాడట. నేను వెళ్ళేసరికి ముఖం మీద గుడ్డ కప్పి ఉంది.

అప్పటి నుంచీ ఆ ఇంట్లోనే ఉన్నాను. రమ్మని అడిగిన మనిషి లేని ఇంట్లో.

చర్చి వాళ్ళు వచ్చి ప్రార్థన చేసే ఆదరణ కూడిక అయిన మర్నాడు అతని గది ఖాళీ చేశాను. పోయినవాళ్ళ వస్తువులకి ఎండ చూపించకుండా తిరిగి ఇంట్లో పెట్టుకోవడం మాకు అలవాటు లేదు. పరుపు, దుప్పట్లు, చొక్కాలు, పుస్తకాలు అన్నీ డాబా మీదికి మోశాను. మా అమ్మాయి గోడ వైపు తిరిగి పడుకుంది. ఏం తీస్తున్నానో, ఎక్కడ పెడుతున్నానో చూడలేదు. బల్ల సొరుగులో ఒక అట్టపెట్టె, అందులో కాగితం తొడుగుల్లో చదరపు నల్ల పలకలు ఉన్నాయి. అరచేతికి కొంచెం పెద్దవి, మధ్యలో చిల్లు. వాటిని ఫ్లాపీలంటారని తర్వాత తెలిసింది. ఒకటి రెండింటి మీద తెల్లగా బూజు పట్టి ఉంది. బూజు పట్టినదాన్ని ఎవరైనా ఏం చేస్తారు? తొడుగుల్లోంచి తీసి, గుడ్డతో తుడిచి, ఎండలో పరిచాను. డాబా మీద బరకం వేసి అప్పటికే మా చేలోంచి తెచ్చిన మిరపకాయలు ఆరబోసి ఉంచాను, ఏడాది కారానికి. ఆ బరకం ఒక మూలే వీటికీ ఇచ్చాను. మూడు రోజులు, వడియాలు తిప్పినట్టు రెండు పక్కలా తిప్పి, మళ్ళీ తొడుగుల్లో పెట్టి రేకు డబ్బాలో సర్దాను. ఒక్క వస్తువు పారెయ్యలేదు, ఒక్కటి పాడవనివ్వలేదు అని తృప్తిపడ్డాను కూడా.

ఎండలు ముదిరాక ఒక రోజు కరెంటు పోయి వచ్చి పోయి వచ్చింది. ఆ దెబ్బకి కంప్యూటరు లేవలేదు. అప్పటిదాకా పలకరిస్తే గాని పలకని మా అమ్మాయి లేచి కూర్చుని గోల పెట్టింది. "దాన్ని బాగుచేయించమ్మా, ఎవర్నైనా పిలువమ్మా" అని. మిల్లు వాళ్ళని అడిగితే గుంటూరు నుంచి ఒక మెకానిక్కుని పంపారు. నలభై దాటిన మనిషి, ఇదివరకు రేడియోలు బాగుచేసేవాడట. నోరు ఊరుకోదు.

"మామ్మగారూ, పెట్టెకేం కాలేదు. పొద్దున లేవగానే ఏం చెయ్యాలో, ఏ పని ఎవరికి అప్పజెప్పాలో చెప్పేది ఒకటి ఉంటుంది లోపల. ఆపరేటింగ్ సిస్టం అంటారు. ఇంటికి పెద్ద మనిషి లాంటిదనుకోండి. అది చెడింది. మళ్ళీ ఎక్కించాలి. ఫ్లాపీలున్నాయా?"

నేనే రేకు డబ్బా తెచ్చి చేతిలో పెట్టాను.

గంట సేపు ఒకటి తర్వాత ఒకటి దూర్చి ఎక్కించాడు. కూత వినిపించింది. అద్దం మీద ఆకుపచ్చగా మాట వచ్చింది. మా అమ్మాయి గోడకి ఆనుకుని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏం రాసుందే అని అడిగితే, "తిన్నావా అంటున్నాడు" అంది. అంటోంది అనలేదు.

మర్నాటి నుంచీ మొదలైంది. అడగడం బాగానే అడుగుతుంది. ఎ నొక్కగానే ఒక్కోసారి బిగుసుకుపోతుంది. ఏ మీట నొక్కినా ఉలకదు పలకదు. ఒక్కోసారి ఏమీ ఎరగనట్టు నడిచిపోతుంది. ఎప్పుడు ఏది చేస్తుందో తెలియదు. వారం గడిచాక మా అమ్మాయి వంటింట్లోకి వచ్చింది. కళ్ళు ఒకలా ఉన్నాయి.

"అమ్మా, అది నా అబద్ధం కనిపెడుతోంది."

"పెట్టెకి అబద్ధమేంటే?"

"తినకుండా తిన్నానని నొక్కితే ఆగిపోతోంది. ఇవాళ రెండు ముద్దలు తిని నొక్కాను. నడిచింది."

"లెక్కల టీచరువి, ఆ మాటలేంటి?"

"అందుకే లెక్కేశాను. తొమ్మిది సార్లు చూశాను. ఏడు సార్లు సరిపోయింది."

"మరి ఆ రెండు సార్లు?"

"సరిగా తినలేదనుకుంటా" అని కంచం తీసుకుని పీట మీద కూర్చుంది.

అతను పోయిన దగ్గర్నుంచీ మా అమ్మాయి మజ్జిగ నీళ్ళ మీద బతుకుతోంది. జాకెట్లు భుజాల మీద నిలవడం లేదు. బడి తెరిచేలోపు మనిషి ఉంటుందా అని లోపల లోపల భయపడుతున్నాను. బెదిరించాను, బతిమాలాను, ప్రార్థన చేశాను. ఒక్క ముద్ద ఎక్కించలేకపోయాను. ఆ పెట్టె ఆగిపోయి తినిపిస్తోంది. పప్పు, గోంగూర, అన్నం పెట్టాను. తిన్నది. వెళ్ళి నొక్కింది. ఆగిపోయింది. మళ్ళీ వచ్చి ఇంకో రెండు ముద్దలు తిని వెళ్ళింది.

ఆ పూట అన్నం గిన్నె కడుగుతుంటే అతనే తినిపిస్తున్నాడేమో అనే మాట మనసులోకి వచ్చి కూర్చుంది. తరిమితే పోలేదు.

ఇంకో రోజు మధ్యాహ్నం. మా అమ్మాయి మార్కుల పని మీద బడికి వెళ్ళింది. కరెంటు లేదు. ఇంటి వెనక పత్తి జిన్నింగు మిల్లు కూడా ఆగిపోయి వీధి వీధంతా చెవులు మూసినట్టుంది. మా అమ్మాయి కోసం ఎదురుచూస్తూ నేను కూడా తినకుండా కూర్చున్నాను. ఒక్కసారిగా గదిలో గురగుర మొదలైంది. ఫ్యాను అనుకున్నాను. తర్వాత కూత. వెళ్ళి చూద్దును కదా, దుప్పటి ముక్క కింద నుంచి ఆకుపచ్చ వెలుతురు కారుతోంది. పొద్దున కరెంటు పోయినప్పుడు మా అమ్మాయి మీట తియ్యడం మర్చిపోయింది, కరెంటు రాగానే అది లేచింది. అంతే సంగతి. అది నాకు తెలుసు. తెలిసి కూడా గడప దాటలేకపోయాను.

గుడ్డ ఎత్తాను. ఇంగ్లీషు చదవడం నాకు రాదు. కానీ మిరపకాయ బస్తాల మీద గుర్తులు ఏళ్ళ తరబడి నేనే వేసేదాన్ని. ఆకారం చూసి అక్షరం గుర్తుపట్టగలను. అదే మాట. మాట పక్కన చిన్న గీత ఆరి వెలుగుతోంది, జవాబు కోసం కళ్ళార్పుతున్నట్టు. ఇంట్లో నేను తప్ప ఎవరూ లేరు. అడిగింది నన్నే.

"లేదు నాయనా" అన్నాను. పైకే అన్నాను.

అన్నాక గోడ దగ్గర ప్లగ్గు పీకేసి బయట అరుగు మీద కూర్చున్నాను, మా అమ్మాయి వచ్చేదాకా. పాలామె అటుగా పోతూ ఆగింది. "ఏందమ్మా అరుగెక్కావ్? మీ అల్లుడు పెట్టెలో కూకున్నాడంట గదా?" అంది. "నీ పాలల్లో నీళ్ళు కూకున్నాయి, అది చూసుకో ముందు" అన్నాను. నవ్వుకుంటూ పోయింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

మెకానిక్కు రెండోసారి వచ్చి మళ్ళీ అవే పలకల్లోంచి ఎక్కించాడు. రెండు రోజులు నడిచింది, మూడో రోజు మామూలే. మూడోసారి వచ్చినప్పుడు అతనికి పంతం పట్టింది. ఫ్లాపీ దూర్చే అర విప్పి లోపలికి ముఖం పెట్టి చూశాడు. చూడ్డమే ఆలస్యం, తుమ్ము. ఒకటి, రెండు, ఆరు, ఏడు. కళ్ళ వెంట నీళ్ళు. అర లోపల దూదితో తుడిస్తే దూది ఎర్రగా వచ్చింది.

"ఇదేందండీ, దీన్లోకి కారం ఎలా వచ్చింది? పచ్చడి గాని నూరారా?"

"పేటలో కారం లేని చోటెక్కడండి, లారీలన్నీ మిరపకాయలేగా" అంది మా అమ్మాయి.

నాకు డాబా, బరకం, మూడు రోజుల ఎండ అన్నీ ఒక్కసారి కళ్ళముందుకొచ్చాయి.

అతను ముక్కు తుడుచుకుని తేల్చి చెప్పాడు. "అడిగే మాట మీ ఆయనగారు రాసింది, అది శుభ్రంగా ఉందమ్మా. అది తన పని ముగించి ఇంటిపెద్దకి అప్పజెప్పేచోట దారి తప్పుతోంది. ఎన్నిసార్లు ఎక్కించినా నిలవట్లేదంటే లోపలి డిస్కే చెడిందేమో. మొత్తం తుడిచేసి కొత్తగా వెయ్యాలి."

"తుడిస్తే ఆ మాట?"

"అదీ పోతుంది."

"వద్దు."

"ఇలాగే వదిలేస్తే ఒక రోజు అన్నీ కలిపి అదే పోతుందమ్మా, చెప్పి పోదు. మీ ఇష్టం. సోమవారం వస్తా."

అతను వెళ్ళాక రేకు డబ్బా తీసి కిటికీ దగ్గర తెరిచాను. ఒక తొడుగు వంచితే మడతలో ఎర్రటి నలుసులు. వేలికద్ది నాలుక మీద పెట్టుకున్నాను. మా చేలో కారమే. పలకలు వెలుతురుకి ఎత్తి చూస్తే ఒక పక్కకి వంగి ఉన్నాయి, ఎండకి అప్పడం వంగినట్టు. జబ్బు మందులోనే ఉంది. మెకానిక్కు ఆ మందే మళ్ళీ మళ్ళీ పోస్తున్నాడు. పోసింది అతను, కలిపింది నేను.

అయితే అది అల్లుడు కాదు. ఏ రోజూ కాదు. నేను జవాబు చెప్పిన మధ్యాహ్నం కూడా కాదు. ఆ మాట తేలినందుకు ఊపిరి పీల్చుకోవాలి కదా. పీల్చుకోలేదు. వంటింట్లో మా అమ్మాయి తనంతట తానే పెరుగన్నం కలుపుకుంటోంది. నేను నోరు విప్పితే ఆ చెయ్యి ఆగిపోతుంది. విప్పకపోతే సోమవారం ఆ మనిషి అంతా తుడిచేస్తాడు, లేదా పెట్టే ఒక రోజు చెప్పకుండా పోతుంది. అప్పుడు అతని మాట నా కూతురికి మిగలదు. ఆదివారం చర్చిలో మోకాళ్ళ మీద ఉన్నంతసేపూ ఇదే. ప్రార్థనలో ఏం అడగాలో కూడా తెలియలేదు.

సోమవారం అతను వచ్చాడు. మా అమ్మాయి అప్పటికి ఏడ్చి ఏడ్చి ఒప్పుకుంది. "తుడిచెయ్యండి" అని గోడ వైపు తిరిగింది. అతను మీటల మీద చెయ్యి పెట్టాడు.

"ఆగు నాయనా" అన్నాను. "ఆ పలకలు నేను ఎండబెట్టాను."

"ఏంటి?"

"ఫ్లాపీలు. బూజు పట్టాయని. డాబా మీద, మిరపకాయల పక్కన, మూడు రోజులు. తిప్పి తిప్పి ఎండబెట్టాను."

అతను నా వైపు చూశాడు. డబ్బా వైపు చూశాడు. తల పట్టుకుని నవ్వాడు. "ఓరి దేవుడా! మామ్మగారూ, ఉప్పు చల్లలేదు కదా? ఇంకా నయం! అయితే తుడవక్కర్లేదమ్మా. డిస్కులో తప్పేం లేదు. బుధవారం కొత్త ఫ్లాపీలు తెస్తా, సిస్టం ఒక్కటే మార్చి వేస్తా. మీ ఆయనగారి మాట ఎక్కడిది అక్కడే ఉంటుంది."

అతను గేటు దాటాక మా అమ్మాయి నా వైపు తిరిగింది.

"అయితే ఆయన కాదన్నమాట."

"కాదు."

"నీకెప్పుడు తెలిసింది?"

"మెకానిక్కు తుమ్మినప్పుడు."

"నాలుగు రోజుల నుంచీ తెలుసు. నేను పిచ్చిదాన్లా తిని వెళ్ళి, నొక్కి, మళ్ళీ వచ్చి తింటుంటే, వడ్డిస్తూ చూస్తూ ఊరుకున్నావు."

"తింటున్నావు కదా అని."

"అవును. తింటున్నాను" అని లోపలికి వెళ్ళి తలుపేసుకుంది.

రెండు రోజులు కంచం ముట్టలేదు. నేనూ ముట్టలేదు. పంతానికి కాదు, ముద్ద దిగలేదు. వండినదంతా వీధి కుక్కకి పెట్టాల్సి వచ్చింది. నా జన్మలో అలా పారబోసింది ఆ రెండు రోజులే.

బుధవారం మెకానిక్కు కొత్తవి తెచ్చాడు. అరగంటలో అయిపోయింది. ఆపి వేశాడు, ఆపి వేశాడు, పదిసార్లు. పదిసార్లూ అది అడిగింది. అతను ఎ నొక్కాడు, పదిసార్లూ నడిచింది. "ఇక ఎన్ని అబద్ధాలు చెప్పినా నమ్ముతుందండీ" అని నవ్వుతూ సంచి సర్దుకున్నాడు. పాపం అతనికేం తెలుసు. ఆ మాటకి మా అమ్మాయి ముఖం చూసి నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను.

అతను వెళ్ళాక అన్నం వండి దించాను. తర్వాత మీట వేసిన చప్పుడు, గురగుర, కూత. ఇప్పుడు ఎ నొక్కుతుంది, అది నమ్ముతుంది, నా కూతురు నా కళ్ళముందు కరిగిపోతుంది అనుకుంటూ గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. మీట నొక్కింది. అద్దం మీద ఇంకో వరుస వచ్చింది. నేనెప్పుడూ చూడని అక్షరాలు, పొడుగ్గా.

"ఏం నొక్కావే?"

"ఎల్" అంది. "లేదు అన్నాను."

"ఏమంటోంది?"

మెల్లగా, పాఠం చదివినట్టు చదివింది. "అయితే లే. మీ అమ్మ వచ్చింది కదా, పెట్టమని అడుగు."

అతను బతికుండగా నేను ఆ ఇంట్లో ఒక్క రాత్రి ఉండలేదు. నేను వచ్చిన సంగతి అతనికెలా తెలుసు? గది మూలల్లోకి చూశాను, సిగ్గు లేకుండా చూశాను. మా అమ్మాయి ఇంకేవో మీటలు నొక్కింది. ఏ తారీఖున రాసిందో ఆ పెట్టె గుర్తుపెట్టుకుంటుందట.

"నువ్వు క్రిస్మస్ వెళ్ళాక వస్తానని కబురు చేశావు చూడు, ఆ వారం" అంది. "వచ్చేస్తావనుకుని రాసిపెట్టాడు."

ఆ తర్వాత మా చేలో కోతకొచ్చిన కాయ నాకు గుర్తుకొచ్చింది. కూలీలు గుర్తుకొచ్చారు. ఈ వరుస ఇక్కడ ఇన్ని నెలలుగా ఉంది. పెట్టె చెడినప్పుడూ ఉంది, నడిచినప్పుడూ ఉంది. ఒక్కసారి నిజం చెబితే వచ్చేది. నేను రాకముందే ఆ వరుస వచ్చి ఉంటే, మా అమ్మాయికి ఎవరిని అడగాలో తెలిసేది కాదు.

మా అమ్మాయి లేచి వంటింట్లోకి వచ్చింది. పీట తనే వేసుకుంది. నా ముఖం చూడకుండా అంది.

"అమ్మా, అన్నం పెట్టు."

పెట్టాను. అలవాటు చొప్పున తలదగ్గర నిలబడ్డాను. రెండు ముద్దలు తిని తల ఎత్తింది. "నువ్వూ కూర్చో" అంది. కూర్చున్నాను. గదిలో ఆకుపచ్చ వెలుతురు అలాగే ఉంది. మనిషి లేని గదిలో దీపం వెలిగితే ఎవరినైనా తిట్టిపోసేదాన్ని. ఆ రోజు మాత్రం పెట్టెని ఆపమని మా అమ్మాయికి చెప్పలేదు, నేనూ లేచి ఆపలేదు.